కాదన్నా కారణం ఉండాలి

పెళ్ళి సంబంధాలకు ఉత్తరాలు రాసిన ప్రతి ఇంటివారికీ తెలిసిన సంగతే. "మాకు ఇష్టం లేదు" అని జవాబొస్తే ఒక దారి. నెల తిరిగినా జవాబే రాకపోతే మరో దారి. వరదలొచ్చి ఆ వూరికి టపాయే వెళ్ళడం లేదంటే ఇంకో దారి. "ఆలోచిస్తున్నాం, ఉండండి" అంటే అది ఔననడమూ కాదు, కాదనడమూ కాదు. ఈ నాలుగింటినీ ఒక్క గాట కట్టేసి "కుదరలేదు" అని చేతులు దులుపుకునే తండ్రిని లౌక్యం తెలియనివాడనే అంటాం.

ఈ లౌక్యం కంప్యూటరు ప్రోగ్రాములకీ కావాలిట. హైదరాబాదులో సి భాషలో ప్రోగ్రాములు రాసే మా అక్క కొడుకు చెబితే తెలిసింది. 1970ల తొలి యేళ్ళలో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన భాష అది. రెండు యంత్రాలకు మాట కలిపే సాకెట్లు 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారి యూనిక్స్‌తో వ్యాప్తిలోకి వచ్చాయి.

"'కనెక్ట్' అనే ఫంక్షన్ ఉంది పిన్నీ. సంబంధం కలిస్తే సున్నా ఇస్తుంది, కలవకపోతే మైనస్ ఒకటి" అన్నాడు.

"సున్నా వస్తే మా దగ్గర తప్పినట్టు గదరా!"

"మా దగ్గర సున్నాయే పాసు" అని నవ్వాడు.

మైనస్ ఒకటి కారణం చెప్పదు. కారణం 'ఎర్‌నో' అనే పలక మీద అంకెగా ఉంటుంది. దాన్ని తక్షణం చదివి వేరేచోట దాచుకోవాలి. ఈలోగా ఇంకో ఫంక్షన్‌ని పిలిస్తే, అది పాత అంకె చెరిపి తనది రాసెయ్యవచ్చు. పోనీ, పని సవ్యంగా జరిగితే పలక దానంతటది తుడుచుకుంటుందా అంటే అదీ లేదు. అంచేత ముందు ఫలితం చూసి, అది మైనస్ ఒకటి అయితేనే పలక చూడాలి.

కారణాలూ ఉత్తరాల వంటివే. అవతలి యంత్రం ఉండి, ఆ గుమ్మంలో వినేవారు లేకపోతే నిరాకరణ, వెంటనే వస్తుంది. జవాబే లేకపోతే గడువు మీరినట్టు. లినక్స్‌లో ఇది తేలడానికి నిమిషం దాటవచ్చు. దారి లేకపోవడం మరొకటి. వేచి ఉండనక్కరలేదని ముందే చెప్పిన సాకెట్ అయితే "ప్రయత్నం సాగుతోంది" అంటుంది. అది లోపమే కాదు. 'పోల్'తో కనిపెట్టి ఉండి, ఏమైందో తరవాత ఆ సాకెట్‌నే అడగాలి.

ఇదంతా యంత్రాల గొడవ, మనకెందుకంటారా? మా కాలేజీలో ఒక పిల్ల పరీక్ష ఫీజు కట్టబోతే తెరమీద "కనెక్షన్ లోపం, మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. చివరి రోజు. పాపం, మళ్ళీ నొక్కింది. రెండుసార్లూ డబ్బు పోయింది. తండ్రి తాపీపని చేసి పంపిన డబ్బు అది. రెండో మొత్తం తిరిగి రావడానికి ఆరు వారాలు పట్టింది. అన్నాళ్ళూ ఆ పిల్ల బస్సు ఛార్జీలకు స్నేహితురాళ్ళ దగ్గర చేబదులు తీసుకుంది.

"ఆ మాట రాసినవాడిదే తప్పు" అన్నాడు మావాడు. కనెక్ట్ దగ్గరే నిరాకరణ వస్తే అర్జీ గడప దాటలేదన్నమాట. మళ్ళీ ప్రయత్నించమనవచ్చు, పాత సాకెట్ మూసేసి కొత్తది తెరిచి. కాని అర్జీ పంపేశాక జవాబు కోసం చూస్తూండగా తీగ తెగితే? అవతల పని జరిగి ఉండవచ్చు, జరగకపోయీ ఉండవచ్చు. అప్పుడు గుడ్డిగా రెండోసారి పంపకూడదు. ప్రతి అర్జీకీ ఒక ప్రత్యేకసంఖ్య వేస్తే, అదే సంఖ్య మళ్ళీ వచ్చినప్పుడు అవతలివారు "ఇది ఇదివరకు చూసిందే" అని పోల్చుకుంటారు.

మీ ఇంట్లో సి భాష నేర్చుకునే పిల్లలుంటే, వాళ్ళ ప్రోగ్రాము నడుస్తూండగా ఒకసారి నెట్ తీగ ఊడబెరకమనండి. మరోసారి అవతలి సర్వర్‌ని ఆపమనండి. రెండుసార్లూ తెరమీద ఒకే మాట వస్తే, ఆ ప్రోగ్రాము ఇంకా పూర్తికాలేదని చెప్పండి.