బంతి పోయాక

గోల్ కన్నా బంతి పోయాక వచ్చే మొదటి ఐదు సెకన్లంటే నాకెక్కువ ఇష్టం. చాలా జట్లు అప్పుడు వెనక్కి పరిగెడతాయి. యుర్గెన్ క్లాప్ లివర్‌పూల్ ముందుకే ఉరికేది.

2019 మే 7, ఆన్‌ఫీల్డ్. మొదటి లెగ్‌లో 0-3తో ఓడిన లివర్‌పూల్, బార్సిలోనాని 4-0తో చిత్తు చేసింది. అందరూ నాలుగో గోల్ కార్నర్ గురించే చెప్తారు. నేను మళ్లీ మళ్లీ చూసేది రెండోది. రైట్ బ్యాక్ అలెగ్జాండర్-ఆర్నల్డ్ బంతి పోగొట్టుకున్నాడు. తల పట్టుకుని నిలబడకుండా వెంటనే జోర్డి ఆల్బా మీదపడి లాక్కుని క్రాస్ వేశాడు. వైనాల్డమ్ గోల్ కొట్టేశాడు.

4-3-3లో ముందున్న ముగ్గురు ప్రెస్ చేస్తే మిడ్‌ఫీల్డ్, డిఫెన్స్ కూడా పైకి జరగాలి. ఒక్కడే పరిగెడితే ప్రత్యర్థి ఒక్క పాస్‌తో దాటేస్తాడు. అందరూ పైకొస్తే వెనకంతా ఖాళీ, ఒక్క లాంగ్ బాల్ చాలు గోల్ తినడానికి. పక్కవాడు వస్తాడన్న నమ్మకం లేకపోతే ఈ ఆట ఆడలేం.

మా బ్రాంచ్ టీమ్‌లో నేను ఫార్వర్డ్‌ని. నాన్న ఫోన్‌లో "ఎన్ని గోల్స్ కొట్టావురా?" అంటారు. "ఒక్కటీ లేదు నాన్నా" అంటాను. నేను తరిమితే వాళ్ల డిఫెండర్ కంగారులో మావాడి కాళ్లకిచ్చిన బంతి ఏ స్కోర్‌కార్డులోనూ ఉండదు. అయినా వచ్చే మ్యాచ్‌లోనూ మొదట ఉరికేది నేనే. వెనక మావాళ్లు వస్తారు.