రెండు పేజీల మర్యాదలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు, కష్టపడి చదవండి అని రాద్దామనుకున్నాను. ఆ మాట మీకు రోజూ ప్రేయర్‌లో చెబుతూనే ఉంటారు కదా తమ్ముళ్ళూ! అందుకని 2008లో నాకు జరిగిన ఒక సంగతి రాస్తున్నాను.

అప్పటికి నేను హైదరాబాదులో ఒక కంపెనీలో చేరి రెండేళ్ళయింది. జర్మనీ నుంచి ఒక ఇంజనీరు మూడు నెలల పనిమీద వస్తున్నాడని, మన దేశపు పద్ధతుల గురించి ఆయన కోసం రెండు పేజీలు ఇంగ్లీషులో రాసిపెట్టమని మా మేనేజరు గారు నాకు అప్పగించారు. తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, డిక్షనరీ పక్కన పెట్టుకుని రాత్రి రెండింటిదాకా రాశాను.

కలిసినప్పుడు నమస్కారం చాలు, ఆడవాళ్ళు చెయ్యి చాపితేనే షేక్‌హ్యాండ్ ఇవ్వాలి. గుడిలోకి, ఇంట్లోకి చెప్పులతో వెళ్ళకూడదు. తినడమైనా, ఇవ్వడం పుచ్చుకోవడమైనా కుడిచేత్తోనే. పెళ్ళిలో చదివించాల్సి వస్తే 100 కాదు, 116 ఇవ్వాలి. "చూద్దాం సార్" అంటే చాలాసార్లు కాదని అర్థం. టీ ఇస్తే వద్దనకూడదు. ఊరూ కుటుంబం గురించి అడిగితే తప్పుపట్టుకోవద్దు, అది ఆప్యాయత.

ఈ చివరి రెండు దగ్గర నా పెన్ను ఆగింది. "ఏ ఊరు?" అన్న తర్వాత "ఊళ్ళో ఎక్కడ?" అని ఎందుకడుగుతారో మన హాస్టల్లో మూడో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. ఇక టీ సంగతి. నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో మా వాడవాళ్ళకు గ్లాసులు వేరు. బయట గోడ గూట్లో ఉండేవి. తాగి మనమే కడిగి మళ్ళీ అక్కడే బోర్లించాలి. అంటరానితనం రద్దయిందని రాజ్యాంగం 17వ అధికరణంలో రాసుకుని అప్పటికి 40 ఏళ్ళు! అయినా అవేవీ రాయలేదు. ఆఫీసులో నేను ఏ హాస్టల్లో చదివానో ఎవరికీ చెప్పలేదు మరి.

ఆయన వచ్చాడు. పదింటికి మీటింగంటే పది నిమిషాల ముందే కూర్చునేవాడు, మిగతావాళ్ళు పదిన్నరకు వచ్చేవారు. మనం తల అటూ ఇటూ ఊపితే అది అవునా కాదా అని నా వైపు చూసేవాడు. తీరా చూస్తే ఆయనది ఎడమచేతి వాటం! నా కాగితం చదివాడేమో, క్యాంటీన్లో ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని కుడిచేత్తో సాంబారన్నం కలుపుతూ సగం చొక్కా మీద పోసుకునేవాడు. పాపమనిపించేది.

దసరాకు పల్లెటూరు చూస్తానన్నాడు. కాదనలేక నల్గొండ జిల్లాలోని మా ఊరికి తీసుకెళ్ళాను. బస్సు దగ్గరికి మా నాయిన వచ్చాడు. ముగ్గురం నడుస్తున్నాం. దొర ఇంటి ముందుకు రాగానే నాయిన చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. ఆ ఇంట్లోవాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయి ఎన్నో ఏళ్ళయింది. గేటుకు తాళం. నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కాబట్టి ముందుకు నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ జర్మనీ ఆయన నడిరోడ్డు మీద వంగి బూట్ల లేసులు విప్పుతున్నాడు.

"ఇది గుడా?" అని అడిగాడు.

అవునని చెప్పేస్తే అయిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నాయిన నా ముఖంలోకే చూస్తున్నాడు. చెప్పాను. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆయన ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఇలా చెయ్యాలని చట్టముందా?" అన్నాడు. లేదు, చేయిస్తే శిక్ష వేసే చట్టం 1955 నుంచీ ఉంది అన్నాను. "మరి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

"ఏమంటుండు రా?" అన్నాడు నాయిన. చెప్పాను. నాయిన ఆ తాళం వైపు ఓసారి చూశాడు. "అలవాటు బిడ్డా. కాళ్ళు వాటికవే ఆగుతయ్. ఆయన్ను బూట్లేసుకొమ్మను, ముండ్లున్నయ్" అన్నాడు. తన చెప్పులు మాత్రం ఆ గోడ దాటినాకే తొడుక్కున్నాడు.

ఇంట్లో అమ్మ కొత్త స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చింది. ఆయన ఎడమచెయ్యి చాపి, గుర్తొచ్చి కుడిచేతికి మార్చుకున్నాడు. అమ్మ ఒకటే నవ్వు.

పండగ తర్వాత ఆఫీసులో కూర్చుని ఆ కాగితాలకు మూడో పేజీ చేర్చాను. గ్లాసులు, చెప్పులు, "ఊళ్ళో ఎక్కడ" అన్న ప్రశ్న, అన్నీ రాశాను. మేనేజరు గారు చదివి, "ఇది మనకు అవసరమా?" అన్నారు. అవసరమే సార్ అన్నాను. కాసేపు ఊరుకుని, "నువ్వెక్కడ చదివావు?" అని అడిగారు. మన హాస్టల్ పేరు చెప్పాను.

తర్వాత వచ్చిన అతిథులకు మళ్ళీ రెండు పేజీలే ఇచ్చారు. మూడో పేజీ జెరాక్స్ నా దగ్గరుంది. వార్డెన్ సార్‌కు పంపుతున్నాను, ఇంగ్లీషు తప్పులుంటే పదో తరగతి తమ్ముళ్ళు దిద్దండి.