అరకులో వైఫై ఉంది, నెట్ లేదు!

బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన రైలు మార్గమిది. విశాఖలో కిరండూల్ రైలెక్కితే అరకు దాకా సొరంగాలే సొరంగాలు. లోపలికెళ్తే సిగ్నల్ పోతుంది, బయటికొస్తే లోయ కనిపిస్తుంది. అందుకే అరకులో నెట్ రాకపోతే అందరూ కొండల్నే తిడతారు.

మేం దిగిన ఇంటి ఓనరుగారి అమ్మాయికి ఆ రాత్రే ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్లకి ఆఖరు. లాప్‌టాప్‌లో వైఫై కనెక్ట్ అయింది, నెట్ మాత్రం లేదు. "కొండల్లో ఇంతే అన్నా" అంది దిగులుగా.

కానీ అదే వైఫైతో తన ఫోన్ పనిచేస్తోంది. అంటే తేడా లాప్‌టాప్‌లోనే! ఫోన్ ఐపీ అడ్రస్ 192.168.1.6. లాప్‌టాప్‌ది 192.168.10.25. వాళ్లన్నయ్య హాస్టల్లో పెట్టుకున్న ఫిక్స్‌డ్ అడ్రస్ అలాగే ఉండిపోయింది. ఊరు మారినా పాత ఇంటి నంబరే చెబుతున్నట్టన్నమాట. వైఫై సెట్టింగ్స్‌లో ఐపీ, డీఎన్‌ఎస్ రెండూ ఆటోమేటిక్‌కి మార్చాం. నెట్ వచ్చేసింది.

మీరూ ఎక్కడికెళ్లినా ముందు రెండో పరికరంతో చూడండి. అదీ పనిచేయకపోతేనే రౌటర్‌నో, లైన్‌నో అనుమానించండి.

ఆ అమ్మాయి మొదటి ఆప్షన్ విశాఖ కాలేజీకే పెట్టింది. సెలవొస్తే ఈ రైలెక్కి ఇంటికి రావచ్చట!