చిల్లరపై చక్రవర్తి

బంగారు నాణెం ధనికుని పేటికలో దాగి ఉంటుంది. చిల్లర నాణెం సంతలోనూ సత్రంలోనూ చేతులు మారుతూ తిరుగుతుంది. ప్రాచీన రోమక సామ్రాజ్యంలో చక్రవర్తి ముఖాన్ని సామాన్యుని అరచేతికి చేర్చినది ఆ చిల్లరయే.

అగస్టస్ చక్రవర్తి క్రీ.పూ. 23 ప్రాంతంలో నాణేల వ్యవస్థను చక్కదిద్దాడు. సెస్టెర్షియస్, డుపాండియస్ అనేవాటిని ఇత్తడితోను, ఆస్ వంటి చిన్న నాణేలను రాగితోను ముద్రించారు. వీటన్నింటినీ నేడు కంచు నాణేలనే వ్యవహరిస్తున్నారు. లోహవేత్తకు మాత్రం ఆ పేరు రుచించదు. పదహారు ఆస్‌లు ఒక వెండి డినారియస్‌తో సమానం. పాంపే నగరంలోని ఒక గోడరాతను బట్టి ఒక ఆస్‌కు సాధారణ ద్రాక్షాసవం, నాలుగింటికి మేలిరకం ఫలెర్నియన్ ఆసవం లభించేవి.

భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లను హరిస్తున్నదని ప్లినీ వాపోయాడు. లెక్క ఇత్తడిలోనే గాని చెల్లింపు వెండి బంగారాలలో. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమక నిధి కూడా వెండిదే.

సెస్టెర్షియస్ సుమారు 25 గ్రాముల బరువుండేది. దాని వైశాల్యం శిల్పికి వరమైంది. నీరో నాణెంపై ఓస్టియా రేవు, అందులో ఓడలు కానవస్తాయి. టైటస్ నాణెంపై కొలోసియం ప్రేక్షకులతో సహా ఇమిడిపోయింది. వెస్పేసియన్ క్రీ.శ. 71లో యూదయా విజయాన్ని చాటుతూ వేయించిన నాణెంపై ఖర్జూర వృక్షం కింద తలవాల్చి విలపించే స్త్రీ కూర్చుని ఉంటుంది. విజేత చేయించిన ప్రకటన అది. అయినా చూపరి కన్ను ఆ స్త్రీ మీదనే నిలుస్తుంది. ఆ అచ్చును చెక్కినవాని మనసులో ఏముండెనో!

కీర్తిని పంచిన ఆ లోహమే అపకీర్తినీ మోసింది. కలిగులా తన ముగ్గురు చెల్లెళ్లను పేర్లతో సహా సెస్టెర్షియస్‌పై నిలిపాడు. క్రీ.శ. 41లో అతడు హతుడయ్యాడు. అతని ముఖమున్న కంచు నాణేలన్నింటినీ కరిగించాలని సెనేట్ ఆ తరువాత ఆదేశించినదని డియో కాసియస్ వ్రాశాడు. ఆ లోహంతో క్లాడియస్ భార్య మెస్సలీనా ఒక నటుని విగ్రహాలు చేయించినదట! అయితే ఊరూరా చెదరిన చిల్లరను పూర్తిగా ఏరివేయడం ఏ సెనేట్‌కు సాధ్యం? కలిగులా నాణేలు నేటికీ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి.

అంతకంటె హృదయవిదారకమైనది గేటా కథ. క్రీ.శ. 211లో అన్న కారకల్లా అతనిని చంపించి, రాజ్యమంతటా అతని రూపాన్ని, పేరును చెరిపించాడు. ఆసియా మైనర్‌లోని స్ట్రాటోనికేయా నగరం అంతకుముందు అన్నదమ్ములను ఎదురెదురుగా చూపే పెద్ద కంచు నాణేలను వేసింది. ఆ నాణేలపై తమ్ముని ముఖాన్ని ఉలితో చెక్కివేశారు. నాణేన్ని పారవేయడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు. లోహానికి వెల ఉంది కదా! సంతలో అది యథాప్రకారం చెల్లింది. దానిపై కారకల్లా నేటికీ ఆ గరుకు మచ్చను చూస్తూనే ఉన్నాడు.