గోడ ఎందుకు కట్టారంటే

లైనక్స్ మెషీన్ ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లలో, మనకు కనబడకుండా, ఒక పాత చిక్కుముడి విడిపోతుంది. డిస్కు తెరవాలంటే ప్రోగ్రాం కావాలి. ఆ ప్రోగ్రాం తెరవాల్సిన డిస్కులోనే ఉంటే?

ఈ తంటా యూనిక్స్ తొలి రోజుల నాటిది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-11 మీద పని చేస్తున్నప్పుడు సిస్టమ్ పెరిగి పెరిగి మొదటి డిస్కులో పట్టలేదు. యూజర్ల ఫైళ్లుండే రెండో డిస్కులోకి పొర్లింది. ఆ డైరెక్టరీ పేరే ‘యూఎస్ఆర్’. అప్పట్నుంచి ప్రోగ్రాములది రెండిళ్ల కాపురం: కొన్ని ‘బిన్’లో, కొన్ని యూఎస్ఆర్ లోపలి బిన్‌లో. రెండో డిస్కును తగిలించే ‘మౌంట్’ కమాండు మాత్రం మొదటి డిస్కులోనే ఉండి తీరాలి.

తర్వాత డిస్కులు పెద్దవయ్యాయి, విభజన అట్లాగే ఉండిపోయింది. దానికి కొత్త కారణాలు చెప్పుకున్నాం: బిన్‌లోవి రిపేరుకు పనికొస్తాయి, యూఎస్ఆర్‌ను నెట్‌వర్క్‌లో పంచుకోవచ్చు. అవీ నిజమే. కానీ మొదట విడదీసింది చోటు చాలక.

పలమనేరు పక్కన గంగవరంలో మా పాత ఇంటి మధ్య ఇలాంటి గోడే ఉంది. తాత, చిన్నతాత భాగాలు పంచుకున్నప్పుడు లేచింది. “పట్టుపురుగుల తట్టలకు చోటు చాలక కట్టినారు నాయనా” అంటుంది అవ్వ. పురుగులు మేపడం ఎప్పుడో మానేశారు. నాన్న తరానికి అది పరువు గోడ అయింది. పెరట్లో బోరు ఉమ్మడిదే గానీ, మోటారు స్టార్టరు చిన్నతాత వైపు పడింది. రాత్రి రెండింటికి కరెంటొస్తే మా టమాటాకు నీళ్లు కట్టాలి. ఆ తలుపుకేమో లోపల గడియ.

లైనక్స్‌లోనూ ఇదే జరిగింది. బూట్ మొదట్లో పరికరాలను గుర్తుపట్టే ‘యూడెవ్’కు యూఎస్ఆర్‌లోని ప్రోగ్రాములు కావాల్సి వచ్చేది. అది ఇంకా మౌంట్ కాకపోతే ఆ పని ఆగిపోయేది, ఒక్కోసారి చడీచప్పుడు లేకుండా.

‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ దీన్ని తీరుస్తుంది. కెర్నెల్ ముందుగా ర్యామ్‌లో చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌ను విప్పుకుంటుంది. డ్రైవర్లు, మౌంట్ అన్నీ అందులో ఉంటాయి. అది అసలు రూట్‌నూ, యూఎస్ఆర్‌నూ మౌంట్ చేసి, తన ఫైళ్లు తానే తుడిచేసుకుని తప్పుకుంటుంది. 2012లో ఫెడోరా 17 బిన్‌ను యూఎస్ఆర్ బిన్‌కు లింకుగా మార్చేసింది. 2023లో వచ్చిన డెబియన్ 12లో ఇక ఆ ఒక్క పద్ధతే మిగిలింది.

నాకు నచ్చిన సంగతేమిటంటే, యూఎస్ఆర్‌ను ఇప్పటికీ వేరే పార్టిషన్‌లో పెట్టుకోవచ్చు. మిగతా సిస్టమ్ నిద్ర లేవకముందే రెండూ తెరిచి ఉండాలి, అంతే.

మొన్న సంక్రాంతికి గోడ కొట్టేయాలా వద్దా అని ఇంట్లో మళ్లీ మాటలు పెరిగాయి. నేను గోడ ఊసెత్తలేదు. స్టార్టరు బాక్సును పెరట్లో బోరు దగ్గరికి, ఇద్దరికీ అందేట్టు మార్పిద్దాం అన్నాను. నాన్న సరే అన్నాడు. చిన్నతాత ఇంకా ఏమీ చెప్పలేదు.