అమ్మ పేరు రాసిన పద్దు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని ఎడిటర్ తమ్ముడు మూడుసార్లు మా రూముకు వచ్చాడు. మాకు కవితలు రావు. ఉపన్యాసాలు అసలే రావు. రూములో ఉన్న ముగ్గురం ఎం.సి.ఏ. వాళ్లం. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాళ్లం మేమే. ఇరవై మూడేళ్లు వచ్చినా ఊళ్లో మా చదువు పేరు అడిగితే ఇంట్లోవాళ్లు "ఏదో కంప్యూటర్ది" అంటారు. అందుకని మాకు తెలిసిన కంప్యూటర్ పని గురించే రాస్తున్నాం. అందులో మేము చేసిన ఒక తప్పు ఉంది. అది దాచిపెట్టి మిగతాది రాస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మన మెస్ సంగతి అందరికీ తెలిసిందే. ప్రభుత్వం ఇచ్చే మెస్ ఛార్జీలు పోను పైన పడే ఖర్చును నెలనెలా తలా కొంత వేసుకుంటాం. ఆ లెక్కల కోసం చాలా ఏళ్ల కిందట ఒక సీనియర్ అన్న పీహెచ్‌పీలో చిన్న ప్రోగ్రామ్ రాసిపెట్టాడు. ఎవరు ఎంత కట్టారు, ఎవరు బాకీ, కూరగాయలకు ఎంత, గ్యాస్‌కు ఎంత అన్నీ అందులో ఉండేవి. మెస్‌లో గొడవలు సగం తగ్గింది ఆ ప్రోగ్రామ్ వల్లేనని పాత అన్నలు చెప్తారు. అది విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్లో నడిచేది. ఆ కంప్యూటర్ పూర్తిగా ఆగిపోయింది. ప్రోగ్రామ్ ఫైళ్లు, డేటాబేస్ బ్యాకప్ మాత్రం ఒక పెన్‌డ్రైవ్‌లో మిగిలాయి. పూర్వ విద్యార్థులు ఇంకో కంప్యూటర్ ఇప్పించారు. "మీరు ఎం.సి.ఏ. గదా, ఎక్కించండి" అన్నాడు వార్డెన్ సారు. ఒక్క రాత్రి పని సార్ అన్నాం. పదకొండు రాత్రులు పట్టింది.

ఉబుంటు 22.04 వేసి, అపాచీ వెబ్ సర్వర్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లను మా హోమ్ ఫోల్డర్‌లో పెట్టి, అక్కడి నుంచే చూపించమని అపాచీకి చెప్పాం. బ్రౌజర్‌లో 403, అనుమతి లేదు అని వచ్చింది. తెలిసినవాళ్లు ఒకరు "777 కొట్టెయ్యండి, పోతుంది" అన్నారు. అంటే ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా నడపొచ్చు అని తలుపులన్నీ బార్లా తీయడం. లెక్కల పుస్తకానికి అలా చేస్తామా? అసలు కారణం వేరే. అపాచీ మన పేరుతో నడవదు, తన సొంత యూజర్ పేరుతో నడుస్తుంది. 2021లో వచ్చిన 21.04 కూర్పు నుంచి ఉబుంటులో కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లోకి బయటి యూజర్లు రాలేరు. ఫైలుకు అనుమతి ఉన్నా దాని పైనున్న ఫోల్డర్‌లో అడుగుపెట్టనివ్వకపోతే ఫైలు దాకా చేరేదెలా? ఫైళ్లను వెబ్ సర్వర్ కోసం ఉన్న ఫోల్డర్‌లోకి మార్చి, చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చాం. 403 పోయింది.

తర్వాత పేజీ వచ్చింది గానీ, పేజీ బదులు అన్న రాసిన కోడ్ అంతా తెర మీద పరుచుకుంది. పీహెచ్‌పీ సర్వర్‌లో నడవాల్సిన భాష. సర్వర్ కోడ్‌ను నడిపి ఫలితాన్ని మాత్రమే బ్రౌజర్‌కు పంపాలి. అపాచీకి పీహెచ్‌పీ మాడ్యూల్ తగిలించకపోతే దానికి అది ఉత్త అక్షరాల ఫైలే. వండకుండా బియ్యం వడ్డించినట్టు అలాగే పంపించేస్తుంది. ఇందులో నవ్వుకోవడానికి లేదు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఆ కోడ్‌లోనే ఉంటే అదీ బయటపడుతుంది. మాడ్యూల్ వేసి అపాచీని మళ్లీ స్టార్ట్ చేశాం. లాగిన్ పేజీ కనపడింది. ముగ్గురం లేచి చప్పట్లు కొట్టాం.

మర్నాడు చూస్తే ఆ ఒక్క పేజీ తప్ప ఏ లింకు నొక్కినా 404. అన్న చిరునామాలను పొట్టిగా మార్చే నియమాలను హెచ్‌టీయాక్సెస్ అనే ఫైలులో రాశాడు. ఉబుంటులో అపాచీ అసలు ఆ ఫైలును పట్టించుకోదు. సెట్టింగుల్లో "అలవ్ ఓవర్‌రైడ్" అనే చోట "నన్" అని ఉంటుంది. దాన్ని "ఆల్" అని మార్చాం. 404 పోయి 500 వచ్చింది. పని ఇంకా చెడిందని అనుకున్నాం. నిజానికి అది ముందడుగే. ఇప్పటిదాకా చదవని ఫైలును అపాచీ చదవడం మొదలుపెట్టింది, చదివినదాంట్లో ఒక మాట దానికి అర్థం కాలేదు, అంతే.

ఆ రాత్రే మాకు ఎర్రర్ లాగ్ విలువ తెలిసింది. అంతకుముందు తోచిన సెట్టింగ్ మార్చడం, స్టార్ట్ చేయడం, మళ్లీ మార్చడం. ఏది మార్చామో మాకే గుర్తుండేది కాదు. బ్రౌజర్ 500 అని మాత్రమే చెప్తుంది. అసలు సంగతి సర్వర్ తన డైరీలో రాసుకుంటుంది. వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో అపాచీ2, అందులో ఎర్రర్ లాగ్. దాని చివరి వరుస చదివితే "రీరైట్ ఇంజిన్" అనే ఆదేశం తెలియదు, స్పెల్లింగ్ తప్పో, దాని మాడ్యూల్ లేదో చూసుకోమని ఉంది. రీరైట్ మాడ్యూల్ ఆన్ చేశాం. పని అయింది. నాలుగు రాత్రులు ఊహించినదాన్ని ఒక్క వరుస చెప్పింది.

లాగిన్ నొక్కితే తెల్లటి ఖాళీ పేజీ. ఈసారి నేరుగా లాగ్ దగ్గరికే వెళ్లాం. "మైఎస్‌క్యూఎల్ కనెక్ట్" అనే ఫంక్షన్ లేదట. అన్న రాసిన రోజుల్లో అందరూ వాడింది అదే. 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5 దాన్ని వదిలేయమని హెచ్చరించింది. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో తీసేశారు. మా దగ్గరున్నది 8.1. అన్న తప్పేమీ లేదు, కింద నేల మారింది. డేటాబేస్‌తో మాట్లాడే ప్రతి వరుసనూ పీడీవో పద్ధతిలోకి తిరగరాశాం. పైన అంబేడ్కర్ ఫొటో రాకపోవడం చివరి చిక్కు. ఫైలు పేరు పెద్దక్షరంతో ఉంది, కోడ్‌లో చిన్నక్షరంతో ఉంది. విండోస్‌కు రెండూ ఒకటే, లినక్స్‌కు వేరు వేరు. సరిచేశాం.

అన్నీ నడిచాయి. మెస్ సెక్రటరీకి అప్పజెప్పి, "ఇప్పుడు తెలుగులో కూడా కొట్టుకోవచ్చు" అని గొప్పగా చెప్పాం. ఆ మాటను పరీక్షించి చూడలేదు.

నెలాఖరుకు బాకీ జాబితా ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించారు. నాలుగు పేర్లు. నలుగురూ ఆ ఏడాది చేరిన తమ్ముళ్లు. తలా 600 రూపాయలు. అందులో ఒక తమ్ముడు సాయంత్రం మా రూముకు వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి, "అన్నా, మావి కట్టినం అన్నా" అన్నాడు. మేము తెర చూసి, అతని పేరు ఎదురుగా ఖాళీ చూసి, "కంప్యూటర్ అబద్ధం చెప్పదు తమ్ముడూ, ఇంట్లో ఇంకోసారి కనుక్కో" అన్నాం. అతను ఇంకేమీ అనలేదు, వెళ్లిపోయాడు.

మర్నాడు రాత్రి అన్నం పెడుతూ వంట అక్క అడిగింది: "ఆ కొత్త పిల్లగాడు రెండు పూటల నుంచి అన్నానికి వస్తలేడు. పానం బాగలేదా?"

ముద్ద దిగలేదు. అతని రూముకు వెళ్లాం. నోట్‌బుక్ అట్ట లోపల మడత పెట్టిన రశీదు తీసి చూపించాడు. వాళ్లమ్మ మిరపకాయల కూలికి వెళ్తుంది. ఆ నెల తనే బస్సులో వచ్చి, కొడుకు హాస్టల్ చూసి, తన చేత్తో డబ్బు కట్టి వెళ్లింది. "మొదలే చూపియ్యకపోయినవా?" అంటే, "మీరు అడగలే గదా అన్నా" అన్నాడు. నిజమే. మేము అడగలేదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ బాధపడుతుందని చేయలేదట. బాకీదారు అన్న పేరుతో మెస్‌లో కూర్చోవడానికి మనసొప్పలేదట. జాబితాలోని ఇంకో తమ్ముడు అప్పుచేసి రెండోసారి కట్టడానికి సిద్ధమయ్యాడు.

రశీదు పుస్తకం కార్బన్ కాపీలు తిరగేస్తే నలుగురివీ ఉన్నాయి. మరి కంప్యూటర్లో ఎందుకు లేవు? ఎర్రర్ లాగ్ చూశాం. ఒక్క వరుస లేదు. తమ్ముడి పద్దును మేమే ఒకసారి ఎక్కించి చూశాం. చక్కగా ఎక్కింది. తల తిరిగింది. చివరికి సెక్రటరీని పిలిచి, "ఆ రోజు ఎట్లా కొట్టినవో అట్లనే కొట్టు" అన్నాం. అతను నంబరు, మొత్తం కొట్టి, "ఎవరు కట్టారు" అనే గడిలో ఆ తల్లి పేరును తెలుగులో కొట్టాడు. మేము ఆ గడిని ఖాళీగా వదిలేశాం. తేడా అక్కడుంది. విద్యార్థి తనే కడితే సెక్రటరీ ఆ గడిలో ఏమీ రాయడు. ఆ నెల ఇంటివాళ్లు వచ్చి కట్టింది నలుగురికే. నలుగురి పద్దులూ పోయాయి.

తెర మీద "నమోదైంది" అని వచ్చింది. డేటాబేస్‌లో మాత్రం పద్దు లేదు. కారణం మా కోడ్‌లోనే ఉంది. డేటాబేస్ పద్దును తిరస్కరిస్తే పీహెచ్‌పీ 8 ఎక్సెప్షన్ విసురుతుంది. పరీక్షల రోజుల్లో పేజీ మాటిమాటికీ ఆగిపోతోందని, ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకునే చోటును మేము ఖాళీగా వదిలేశాం. పట్టుకోవడం, పారేయడం. కింద "నమోదైంది" అన్న మాట ఏం జరిగినా వచ్చేలా ఉంది. కంప్యూటర్ అబద్ధం చెప్పదన్నాం గానీ, అబద్ధం చెప్పేలా దాన్ని తయారుచేసింది మేమే.

ఆ ఖాళీ చోట లాగ్‌లో రాయమని ఒక వరుస పెట్టి, మళ్లీ కొట్టించాం. 1366 నంబరు ఎర్రర్. ఆ గడిలోని అక్షరాలు చెల్లవు అని. పాత పట్టికను అన్న కాలంలో లాటిన్-1 అక్షరాల పద్ధతిలో సృష్టించారు. బ్యాకప్ ఎక్కించినప్పుడు ఆ పద్ధతి కూడా అలాగే వచ్చింది. లాటిన్-1లో మొత్తం 256 స్థానాలు. అందులో తెలుగు అక్షరానికి ఒక్క స్థానం లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే చోటుంది. అన్న కాలంలో అందరూ ఇంగ్లీషులోనే కొట్టేవాళ్లు కాబట్టి ఈ సంగతి ఎప్పుడూ బయటపడలేదు. అమ్మ పేరును అమ్మ భాషలో రాయగానే పద్దు పోయింది.

ముందు బ్యాకప్ తీసుకున్నాం. తర్వాత పట్టికలన్నిటినీ యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాం. డేటాబేస్ కనెక్షన్‌లోనూ అదే రాశాం. పద్దు ఎక్కకపోతే "నమోదు కాలేదు" అని ఎర్రగా తెర మీద రావాలి, కారణం లాగ్‌లో పడాలి. ఆ తర్వాత రశీదు పుస్తకం ముందు పెట్టుకొని ఆ నెల పద్దులన్నీ ఒక్కొక్కటి సరిచూశాం. తెల్లవారింది.

పొద్దున పాత జాబితా చించేసి, అదే చోట చేత్తో రాసిన కాగితం అంటించాం. నలుగురూ డబ్బు కట్టారు, తప్పు మాది అని రాసి ముగ్గురం సంతకాలు పెట్టాం. టిఫిన్‌కు ఆ తమ్ముణ్ని మేమే తీసుకెళ్లాం. వంట అక్క ఏమీ అడగకుండా ప్లేటులో ఇంకో గరిటె ఉప్మా వేసింది.

సర్వర్ పని నేర్చుకునే తమ్ముళ్లకు మేము చెప్పగలిగింది కొంచెమే. ముందు లాగ్ చదవండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది నోట్‌బుక్‌లో రాయండి. ఎర్రర్ కనపడకుండా చేయడం, ఎర్రర్ లేకుండా చేయడం ఒకటి కాదు. తప్పు ఎట్లా జరిగిందో అట్లాగే మళ్లీ చేసి చూడండి, మీకు వీలైనట్టు కాదు. అన్నిటికంటే ముందు, తెర చెప్పేది ఒకటి, ఎదుట నిలబడ్డ మనిషి చెప్పేది ఇంకొకటి అయినప్పుడు మనిషిని కూర్చోబెట్టి అడగండి. మన అమ్మానాన్నలు ఆఫీసుల్లో "నీ పేరు లిస్టులో లేదు" అన్న మాట ఎన్నిసార్లు విని వెనక్కి తిరిగి వచ్చారో మనకు తెలుసు. చదువుకొని మనం కంప్యూటర్ ముందు కూర్చున్నది ఆ మాటనే మళ్లీ అనడానికి కాదు.

ఆ తమ్ముడు ఇప్పుడు శనివారాల్లో మా రూముకు వచ్చి పీహెచ్‌పీ నేర్చుకుంటున్నాడు. మేము వెళ్లిపోయాక ప్రోగ్రామ్ చూసుకునేది అతనే. రశీదు పుస్తకం మాత్రం కొనసాగుతుంది, కార్బన్ కాపీతో సహా.

— రూమ్ నంబరు 14 తరఫున, ఎం.సి.ఏ. చివరి సంవత్సరం