మిగిలిన సెంటు ఎవరి హక్?

మీరాస్ పంచేటప్పుడు మన ఖాందాన్‌లలో ఆడపిల్లలతో ఒక మాట అనిపిస్తారు: "భాయీకి మాఫ్ చేసేశా." అలా మాఫ్ అయినది ఎంతో కూడా ఎవరూ లెక్క కట్టరు.

అబ్బా ఇంతెకాల్ తర్వాత మాకు మిగిలింది చంద్రగిరి పక్కన రెండెకరాలు, అంటే 200 సెంట్లు. కర్జా లేదు, వసీయత్ లేదు. సూరా నిసా 11, 12 ఆయత్‌ల ప్రకారం అమ్మీకి ఎనిమిదో వంతు. మిగతాదాంట్లో నాకు రెండు పాళ్లు, ఆపాకి ఒక పాలు. మొత్తం 24 హిస్సాలు చేస్తే అమ్మీకి 3, నాకు 14, ఆపాకి 7.

తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే ఆపా కొడుకు దీన్ని స్మార్ట్ కాంట్రాక్ట్‌గా రాశాడు. "మామూ, ఇందులో పాయింట్ లెక్కలు నడవవు" అన్నాడు.

మామూలు కంప్యూటర్ ఫ్లోటింగ్ పాయింట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపిస్తుంది. దానికి తెలిసింది రెండ్ల లెక్క. మన రాతలో మూడో వంతు 0.333 అంటూ తెగకుండా సాగినట్టే, దాని రాతలో పదో వంతు తెగదు. ఇథీరియంలో వేల కంప్యూటర్లకు ఒకే జవాబు రావాలి, వెంట్రుకవాసి తేడా కూడా కుదరదు. అందుకే అక్కడ పూర్ణ సంఖ్యలే. ఒక ఈథర్ అంటే ఒకటి పక్కన 18 సున్నాలన్ని 'వై'లు. రూపాయల హిసాబ్ పైసల్లో రాసుకున్నట్టు. ఇదే ఫిక్స్‌డ్ పాయింట్.

కానీ సాలిడిటీ భాషలో భాగిస్తే మిగిలిన ముక్క తెగిపోతుంది. 200ని ముందు 24తో భాగిస్తే 8. దాన్ని 7తో గుణిస్తే ఆపాకి 56 సెంట్లే. ముందు గుణించి తర్వాత భాగిస్తే 58. అప్పుడు కూడా అమ్మీ 25, నేను 116, ఆపా 58 కలిపితే 199. ఒక సెంటు, అంటే 48.4 గజాలు, ఏ వారిస్ పేరు మీదా లేదు!

భాంజా కొలత మార్చాడు. 87,120 చదరపు అడుగులు. ఒక్కో హిస్సా సరిగ్గా 3,630. ఆపాకి 25,410. మిగులు సున్నా.

ఫరాయిజ్ ఉలమా ముందునుంచీ చేస్తున్నది ఇదే. భిన్నాలతో కుస్తీ పట్టకుండా 24 లాంటి 'అసల్' తీసుకుని, అందరికీ పూర్ణ హిస్సాలు రాస్తారు. 'అల్గోరిథం' అనే మాట ఎవరి పేరు మీద పుట్టిందో, ఆ అల్ ఖ్వారిజ్మీ 9వ శతాబ్దంలో రాసిన అల్‌జబ్ర్ కితాబులో పెద్ద భాగం వసీయత్, మీరాస్ లెక్కలే.

మెషీన్‌కి నియ్యత్ ఉండదు. ఎక్కడ కోయాలో, కోసిన ముక్క ఎవరికి పోవాలో రాసేది మనమే. మీ ఇంట్లో పంపకం జరిగితే ముందు అన్ని హిస్సాలూ కలిపి చూడండి. మొత్తానికి తగ్గితే, ఆ తగ్గింది ఎవరి అమానతో అడగండి. మాఫ్ మాట ఆ తర్వాత.